పదకొండు ఖాళీ కండెలు

ఆ సోమవారం భజనకి భావన్న అందరికంటే ముందొచ్చాడు. చాపలు పరిచాడు, తాళాలు తుడిచాడు, దీపంలో నూనె పోశాడు. ఇక చేయడానికి ఏ పనీ మిగలక గురువుగారి మగ్గం పక్కన వచ్చి నిలబడ్డాడు.

నీలకంఠంగారు తువ్వాలు నేస్తున్నారు. డెబ్బై దాటినా ఆయన మగ్గం దిగలేదు. మా నేతపేటలో తత్వాలు చెప్పే గురువులు అంతకుముందూ ఉన్నారు. కానీ శిష్యుల మీద ఆధారపడకుండా సొంత మగ్గం మీద బతికిన గురువు ఆయనొక్కరే. అందుకని ఆయన ఎవరికైనా ఉన్నమాట మొహం మీదే చెప్పగలిగేవారు. చాలాసార్లు అదీ చెప్పేవారు కాదు.

"గురువుగారూ, నాకు మౌనదీక్ష ఇప్పించండి," అన్నాడు భావన్న.

మగ్గం ఆగలేదు.

"ఎన్నాళ్ళు?"

"నలభై రోజులండీ. కుదిరితే ఇంకా ఎక్కువ."

"నీ ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరున్నారండీ. మా ఇంటిది పోయి ఆరేళ్ళయింది. అమ్మాయి అత్తారింట్లో."

"పక్కింటి పరంధామం?"

భావన్న దీపం వైపు చూశాడు.

"మాట్లాడేవాడే లేడు కదరా. ఇంక దీక్ష దేనికి?" అన్నారు గురువుగారు.

"ఊరికే ఉన్న మౌనం వేరండీ. దీక్ష పట్టిన మౌనానికి ఒక మర్యాద ఉంటుంది."

అదీ సంగతి. దీక్షలో ఉన్నాడంటే, పరంధామంతో ఎందుకు మాట్లాడటం లేదని వీధిలో ఎవరూ అడగరు. ఇరవై రెండు రోజులుగా అడుగుతూనే ఉన్నారు మరి.

భావన్న, పరంధామం ఇళ్ళకి మధ్య గోడ ఒకటే. ముందున్న అరుగూ ఒకటే. ముప్పై ఏళ్ళుగా సాయంత్రం మగ్గాలు దిగగానే ఇద్దరూ ఆ అరుగు మీదకి చేరేవాళ్ళు. పరంధామం స్తంభానికి ఆనుకుని పేపరు విప్పేవాడు. ఎదురుగా భావన్న చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. పరంధామం అయిదో తరగతి దాకా చదివాడు. భావన్నకి అక్షరం ముక్క రాదు. రాజకీయం మాత్రం తనకి తెలిసినంత ఢిల్లీలో ఉన్నవాళ్ళకి కూడా తెలియదని అతని నమ్మకం.

పార్టీల పేర్లు మనకెందుకులెండి. పరంధామానిది ఒక జెండా, భావన్నది ఇంకో జెండా. పరంధామం ఒక వార్త పైకి చదివేవాడు. చదివి ఆగేవాడు. కళ్ళజోడు మీదుగా భావన్నని చూసేవాడు. భావన్న చుట్ట నోట్లోంచి తీసి, "అంతా అబద్ధం" అనేవాడు. లేకపోతే, "చూశావా, నేను ముందే చెప్పానా" అనేవాడు. అక్కడ మొదలయ్యేది. అది తేలకుండానే పరంధామం తర్వాతి వార్తకి వెళ్ళిపోయేవాడు.

ముప్పై ఏళ్ళలో ఒకరి మాట ఒకరు ఒప్పుకున్న పాపాన పోలేదు. కానీ ఒకటుంది. భావన్న పార్టీని మెచ్చుకుంటూ రాసిన వార్త వస్తే పరంధామం వేపాకు నమిలినట్టు మొహం పెట్టేవాడు. గొంతు తగ్గించేవాడు. ఒకటి రెండు సార్లు మధ్యలో లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు. అయినా ఒక్క ముక్క వదలకుండా చివరిదాకా చదివేవాడు. ఎదుటివాడికి చదువు రాదు, వదిలేసినా తెలియదు. ఆ సంగతి భావన్న ఎప్పుడూ ఆలోచించలేదు.

భార్య పోయాక ఆ సాయంత్రాల కోసమే భావన్న పగలంతా నేసేవాడు. తనే ఒకసారి నాతో అన్నాడు, పొద్దున లేచి ఒక్క మాట కూడా అనకుండా పొద్దుగూకే దాకా ఉండటం అలవాటైపోయిందని. సాయంత్రం మొదటి మాట "అంతా అబద్ధం" అయితే ప్రాణం లేచొచ్చినట్టుండేదట.

ఇరవై రెండు రోజుల కిందట, ఎన్నికల సందడిలో, ఆ అరుగు మీద ఇంకో అయిదారుగురు చేరారు. ఆ రోజు వాదం నూలు ధర మీద నడిచింది. పరంధామం లెక్కలు కంఠతా పట్టుకొచ్చాడు. భావన్న ఏమన్నా దానికొక జవాబు ఉంది. కూర్చున్నవాళ్ళు నవ్వుతున్నారు. భావన్నకి చెవులు వేడెక్కాయి. చెప్పడానికి ఇంకేమీ దొరకలేదు. అప్పుడు అన్నాడు:

"మీ పార్టీ నీకేం చేసిందయ్యా? నీ కొడుకుని లారీ ఎక్కించి తీసుకుపోయింది. తిరిగి తెచ్చింది నేను."

పరంధామం కొడుకు ప్రభాకరం. పోయేనాటికి ఇరవై రెండేళ్ళవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆ పార్టీ సభకి వెళ్ళి వస్తుంటే కాలవ మలుపులో లారీ తిరగబడింది. కబురు తెలిసి పరిగెత్తినవాళ్ళలో ముందున్నది భావన్నే. ఇంటికి వచ్చేదాకా బండిలో ఆ పిల్లాడి తల తన ఒళ్ళోంచి దించలేదు.

ఎవరూ నవ్వలేదు. పరంధామం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పేపరు మడిచాడు. మడత సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ మడిచాడు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ముప్పై ఏళ్ళలో భావన్న గెలిచిన వాదం అదొక్కటే.

గురువుగారికి మాత్రం ఇదంతా చెప్పలేదు. "మాటా మాటా పెరిగిందండీ," అన్నాడు.

"చివరి మాట ఎవరిది?"

"నాదేనండీ."

"ఏమన్నావు?"

భావన్న మెడ మీద తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత, అడగని సంగతి చెప్పాడు.

"తనేం తక్కువ తినలేదండీ. నన్ను ఉడికించడానికి రోజూ సాయంత్రం లోపల కూర్చుని పేపరు పైకి చదువుతున్నాడు. గోడకి ఇవతల నాకు వినపడాలనే. వాళ్ళావిడ లచ్చమ్మకి చెవులు వినపడవు. వాళ్ళింట్లో ఇంక వినేవాళ్ళెవరండీ? కాసేపు చదువుతాడు, ఆగుతాడు. మళ్ళీ చదువుతాడు. నాకు పిచ్చెక్కుతోంది."

గురువుగారు మగ్గం ఆపారు.

"నీ పడుగు ఎప్పుడు వీధిలో వేస్తున్నావు?"

"ఎల్లుండి పొద్దున్నే అండీ."

"కుంచె అవతలి వైపు ఎవరు పట్టుకుంటారు?"

ముప్పై ఏళ్ళుగా పట్టుకున్నది పరంధామమే.

"నేనొస్తాలే," అన్నారు గురువుగారు.

మా పేటలో పడుగుకి గంజి పట్టించడం ఇంట్లో అయ్యే పని కాదు. తెల్లారుతుండగా వీధి పొడవునా పడుగు, అంటే బట్టకి నిలువు పోగులన్నీ, సాగదీసి కర్రల మీద నిలబెట్టాలి. గంజి పట్టించి, అది ఆరేలోగా కుంచెతో దువ్వాలి. కుంచె అంటే బొమ్మలు వేసేది కాదు, మూడడుగుల పొడవుండే బరువైనది. పడుగుకి ఇటొకరు అటొకరు నిలబడి, దాని రెండు కొసలూ పట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. ఒకరు ఎక్కువ నొక్కి ఒకరు తక్కువ నొక్కితే పోగులన్నీ ఒక పక్కకి పోతాయి. ఆలస్యమైతే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పడుగు పాడైతే నెల పని పోయినట్టే. అందుకని ఎవరి పడుగు వీధిలో ఉన్నా, ఇంట్లో ఉన్నవాడు బయటికి రావాలని మాలో కట్టుబాటు.

బుధవారం పొద్దున గురువుగారు చెప్పినట్టే వచ్చారు. పంచె ఎగగట్టి కుంచె అవతలి కొస పట్టుకున్నారు. భావన్నకి సిగ్గేసింది. వద్దంటే వినేవారు కాదు.

రెండు దువ్వులు అయ్యాయి. భావన్న చేతికి అలవాటైన బరువు అవతలి నుంచి రావడం లేదు. గురువుగారి మణికట్టు వణుకుతోంది. భావన్న ఎంత తేలిగ్గా పట్టుకుందామన్నా కుంచె ఆయన వైపుకి పోతోంది. పడుగు నడుమ పోగులు గుంపు కట్టడం మొదలెట్టాయి.

"ఇంకాస్త నొక్కాలండీ," అన్నాడు భావన్న, మెల్లిగా.

"నాకున్నది ఇంతే," అన్నారు ఆయన.

మూడో దువ్వుకి పరంధామం ఇంటి తలుపు తెరుచుకుంది.

పరంధామం మెట్లు దిగొచ్చాడు. భావన్న వైపు చూడలేదు. గురువుగారికి దణ్ణం పెట్టి, ఆయన చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. వాళ్ళిద్దరూ పడుగుకి ఇటూ అటూ నిలబడ్డారు. మధ్యలో మూడడుగులే.

నడిచారు. ఆ చివరిదాకా వెళ్ళారు, తిరిగి వచ్చారు. కుంచె నిఠారుగా నడిచింది. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ తేల్చాలో ఒకరికొకరు చెప్పుకోవలసిన పని లేదు. పోగులు విడిపోయి ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నాయి. ప్రతిసారీ ఆ చివర తిరిగేటప్పుడు భావన్న తల ఎత్తి చూసేవాడు. పరంధామం కళ్ళు పడుగు మీదే ఉండేవి. ఒక పోగు తెగితే పరంధామమే వంగి ముడి వేశాడు. వేళ్ళు భావన్న వేళ్ళకి దగ్గరగా వచ్చాయి. భావన్నకి ఏదో అనాలనిపించింది. కుంచె ఎత్తి మళ్ళీ నడక మొదలెట్టాడు.

ఎండ వీధిలోకి వచ్చేసరికి పని అయిపోయింది. ఎప్పుడూ పరంధామం భావన్న తొట్టిలోనే చేతులు కడుక్కునేవాడు. ఆ రోజు గంజి చేతులతోనే తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. తలుపు మళ్ళీ దగ్గరికి పడింది.

భావన్న తొట్టి దగ్గర చెంబుతో నీళ్ళు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. పడుగు చక్కగా వచ్చింది. అంత చక్కటి పడుగు చూసి ఏడుపొచ్చినవాడి గురించి నేను ఇంకెక్కడా వినలేదు.

గురువుగారు వెళ్ళలేదు. "అన్నం వండు," అన్నారు. భావన్న అన్నం, గోంగూర పచ్చడి పెట్టాడు. ఆయన తిని, మగ్గం గుంట పక్కన తువ్వాలు పరుచుకుని నిద్రపోయారు. లేచాక కూడా వెళ్ళే సూచన కనపడలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా భావన్న ఆయన ముందుకొచ్చి కూర్చున్నాడు.

"గురువుగారూ, ఆ రోజు నేనొక మాట అన్నానండీ."

"తెలుసు. వీధంతా విన్నదిగా."

"తప్పు మాటండీ."

"నాకు చెప్తావేం? నన్నన్నావా?"

భావన్న తల దించుకున్నాడు. ఇంతలో గోడ అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. పేపరు విప్పిన చప్పుడైంది.

"మొదలెట్టాడండీ," అన్నాడు భావన్న.

పరంధామం గొంతు వినపడింది. గోడ మందంలో మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. కాసేపు సాగింది. ఆగింది.

గురువుగారు పక్కనున్న బుట్టలోకి చెయ్యి పెట్టారు. పేక నూలు, అంటే అడ్డపోగు, చుట్టే చిన్న గొట్టాలు కండెలు; నూలు అయిపోయాక మిగిలిన ఖాళీవి అందులో ఉంటాయి. ఒకటి తీసి భావన్న ముందు నేల మీద పెట్టారు.

గోడ అవతల చదవడం మళ్ళీ మొదలైంది.

కొంతసేపటికి ఆగింది. గురువుగారు ఇంకో కండె తీసి మొదటి దాని పక్కన పెట్టారు.

భావన్నకి అర్థం కాలేదు. ఆయన మొహం చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. గొంతు ఆగినప్పుడల్లా చెయ్యి బుట్టలోకి వెళుతోంది. మూడు, నాలుగు, అయిదు. ఒకసారి పరంధామం గొంతు బాగా తగ్గింది. మధ్యలో లేచినట్టున్నాడు, కుండ మీద మూత తీసిన చప్పుడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అదే తగ్గిన గొంతుతో చివరిదాకా చదివాడు. ఆగాడు.

ఆ వార్త ఎవరి గురించో భావన్నకి గోడ ఇవతల కూర్చునే తెలిసిపోయింది.

గురువుగారు ఇంకో కండె పెట్టారు.

చీకటి పడేముందు పేపరు మడిచిన చప్పుడైంది. నేల మీద పదకొండు కండెలున్నాయి, వరసగా, ఒక్క పోగు కూడా లేకుండా.

"ఇవేంటండీ?" అన్నాడు భావన్న.

"నీవే."

ఆయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. గడప దాటి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. వెనక్కి తిరగలేదు.

భావన్న దీపం వెలిగించలేదు. ఒక కండె చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఆగడం ఎంతసేపు ఉంటోందో అతనికి బాగా తెలుసు. చుట్ట నోట్లోంచి తీసి, పొగ వదిలి, ఒక మాట అనేంతసేపు. అంతకు ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇరవై నాలుగు రోజులుగా ఆ చోటు అలాగే ఉంది. తను గోడకి ఇవతల పళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు.

ఆ కండెల్ని ఎత్తి బుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు. వాటి పక్కనే పడుకున్నాడు.

మర్నాడు పొద్దు వాలకముందే భావన్న మగ్గం దిగాడు. బయటికి వచ్చాడు. అరుగు మీద తను కూర్చునే చోట దుమ్ము పేరుకుని ఉంది. అరచేత్తో తుడిచాడు. ఎదురుగా స్తంభం దగ్గర పరంధామం కూర్చునే చోటూ తుడిచాడు. తర్వాత తన చోట కూర్చున్నాడు. చుట్ట వెలిగించలేదు. వీధిలో పోయేవాళ్ళు చూశారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. కూర్చునే ఉన్నాడు.

పరంధామం తలుపు వేసే ఉంది. కిటికీ ఒక రెక్క తీసి ఉంది. లోపల కుర్చీ జరిగింది. పేపరు విచ్చుకుంది.

ఇక్కడి నుంచి మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. కాలవకి నీళ్ళు ఈసారి ఆలస్యంగా వదులుతారట. పరంధామం చదివి ఆగాడు. భావన్న నోరు తెరిచాడు. ఆ ఖాళీ అలాగే దాటిపోయింది. లోపల గొంతు రెండో వార్తకి వెళ్ళింది. సహకార సంఘం ఎన్నికలు వాయిదా పడ్డాయి. మళ్ళీ ఆగింది. భావన్న అరుగు అంచు గట్టిగా పట్టుకున్నాడు. అదీ దాటిపోయింది.

మూడో వార్త నూలు ధర మీద. పరంధామం మొదటి వాక్యం దగ్గర కొంచెం తడబడ్డాడు. తర్వాత చివరిదాకా చదివాడు. ఆగాడు.

"పరంధామం," అన్నాడు భావన్న.

లోపల ఏ చప్పుడూ లేదు.

"ఆ రోజు నేనన్నది తప్పు. పిల్లాడి ఊసు నేను ఎత్తకూడదు."

ఎప్పుడూ ఆగేంతసేపు గడిచింది. ఇంకా గడిచింది. లచ్చమ్మ వంటింట్లో గిన్నె కింద పెట్టింది. వీధి చివర ఎవరో మేకని పిలిచారు. కిటికీలోంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది, అంతే. భావన్న ఇంకాసేపు చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాడు.

లోపల పేపరు కదిలింది. పరంధామం గొంతు సవరించుకున్నాడు. నూలు ధర వార్తే, మొదటి నుంచి, మళ్ళీ చదవడం మొదలెట్టాడు. ఈసారి కాస్త గట్టిగా, బయటికి వినపడేలా.

భావన్న మళ్ళీ కూర్చున్నాడు.